పొయ్యి మీద లెక్క: రసాయన చర్యలు, సమీకరణాలు

పిల్లలూ, ఈ పాఠం చదివే ముందు వంటింట్లో ఒక పని ఉంది. అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడే చేయాలి. ఒక స్టీలు గిన్నెలో కుళాయి నీళ్లు పోసి, గిన్నె బయటివైపు గుడ్డతో పొడిగా తుడిచి, గ్యాస్ పొయ్యి మీద పెట్టమనండి. (ఫ్రిజ్ నీళ్లు వద్దు. గిన్నె మరీ చల్లగా ఉంటే గదిలో గాలి తేమ కూడా దాని మీద పడుతుంది, అప్పుడు ఏది ఏమిటో తెలీదు.) మంట వెలిగించాక కొంచెం దూరంగా నిలబడి గిన్నె పక్కల్ని చూడండి. చెమట పట్టినట్టు సన్నటి నీటి పొర కనిపిస్తుంది. గిన్నె వేడెక్కాక అది ఆరిపోతుంది.

ఆ నీళ్లు ఎక్కడివి? గిన్నెకు చిల్లి లేదు. పైనుంచి ఒలకలేదు. అవి మంటలోంచి వచ్చాయి! నిప్పులోంచి నీళ్లు పుట్టాయంటే మీ అమ్మమ్మ కూడా ఒక పట్టాన నమ్మదు. ఈ పాఠం అయ్యాక మీరే ఆవిడకి ఫోన్‌లో వివరించి చెప్పాలి, అదీ తెలుగులో. మీ ఇంట్లో కరెంటు పొయ్యి ఉంటే గిన్నెకు అలా చెమట పట్టదు. ఎందుకో మీకే తెలుస్తుంది, చదవండి.

ముందు కొన్ని మాటలు చూద్దాం. ఐసు కరిగింది. నీళ్లు మరిగాయి. నెయ్యి పేరుకుంది. ఇవన్నీ మార్పులే, కానీ వస్తువు మారలేదు. కరిగిన ఐసు మళ్లీ గడ్డకడుతుంది, పేరుకున్న నెయ్యి మళ్లీ కరుగుతుంది. వీటిని భౌతిక మార్పులు అంటారు. ఇప్పుడు ఇవి చూడండి: పాలు తోడుకున్నాయి. దోసెపిండి పులిసింది. కూర మాడింది. సైకిల్ చెయిను తుప్పు పట్టింది. కాగితం కాలింది. పెరుగు మళ్లీ పాలు కాదు, మాడిన కూర మళ్లీ కూర కాదు (ఎంత ప్రయత్నించినా కాదు, నాకు బాగా తెలుసు). పాత వస్తువు పోయి కొత్త వస్తువు పుట్టింది. ఇలా జరిగితే దాన్ని రసాయన చర్య అంటారు. మన భాషలో ఈ రెండు రకాల మార్పులకీ ఎన్ని క్రియలున్నాయో చూశారా? "కుక్ అయింది" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఉడికిందా, వేగిందా, మాడిందా అన్నది చెప్పండి.

పాత వస్తువు పోయింది అన్నాను కదా. నిజానికి ఏదీ పోలేదు. వస్తువులన్నీ పరమాణువులతో తయారయ్యాయి. రెండు మూడు పరమాణువులు, ఒక్కోసారి చాలా ఎక్కువ, జట్టుగా అతుక్కుంటే అణువు. పరమాణువు చిన్నది, అణువు పెద్దది. ఈ రెండు మాటలూ తారుమారు చేయడం అందరికీ అలవాటే. "అణుబాంబు" అన్న మాట చూడండి, అక్కడ విడిపోయేది అణువు కాదు, పరమాణువు. పేరు పెట్టినవాళ్లు తొందరపడ్డారు. మీరు పడకండి.

రసాయన చర్యలో పరమాణువులు జట్లు మార్చుకుంటాయి, అంతే. ఒక్కటి కూడా మాయం కాదు, ఒక్కటి కూడా కొత్తగా పుట్టదు. అందుకే చర్యకు ముందు ఎంత బరువుందో చర్య తర్వాతా అంతే బరువుంటుంది. దీన్ని ద్రవ్యనిత్యత్వ నియమం అంటారు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త లావోయిజర్ మూసిన పాత్రల్లో వస్తువుల్ని వేడిచేసి, ముందూ వెనకా తూకం వేసి ఈ మాట చెప్పాడు. 1789లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు కూడా.

ఆయన పేరు చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీ తాతయ్యలు చదివిన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆక్సిజన్‌ని ఆమ్లజని అనేవారు, హైడ్రోజన్‌ని ఉదజని అనేవారు. ఉదకం అంటే నీళ్లు. జని అంటే పుట్టించేది. ఉదజని అంటే నీళ్లను పుట్టించేది. లావోయిజర్, ఆయన తోటివాళ్లు గ్రీకు మాటలతో పెట్టిన పేరుకు అర్థం కూడా అదే! ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని ఆయన అనుకున్నాడు. అది తప్పని తర్వాత తేలింది కానీ పేరు ఉండిపోయింది. ఇంకో అందమైన పేరు చెప్పనా? కార్బన్ డయాక్సైడ్‌ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. బొగ్గు అంటే కార్బన్. పులుసు అంటే పుల్లటిది, అంటే ఆమ్లం. సోడా తాగితే నాలుక మీద చురుక్కుమనేది ఈ వాయువు వల్లే.

సరే, మంట దగ్గరికి వద్దాం. ఫ్రీమాంట్‌లో చాలా ఇళ్లకు పీజీ అండ్ ఈ పైపులోంచి వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. ఒక మీథేన్ అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఇది తెలుగు పుస్తకం కాబట్టి గుర్తుల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. సీ అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్. పైకి చదవండి, మీ స్కూల్లో విన్నదే వినిపిస్తుంది. మీథేన్: సీహెచ్₄. గాలిలోని ఆక్సిజన్ ఎప్పుడూ జంటగా తిరుగుతుంది: ఓ₂. ఇవి రెండూ కలిసి మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. అదే మన గిన్నె పట్టిన చెమట. కరెంటు పొయ్యిలో ఏదీ మండడం లేదు, అందుకే అక్కడ చెమట లేదు.

సీహెచ్₄ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

బాణానికి ఎడమవైపు ఉన్నవి క్రియాజనకాలు, చర్యను మొదలుపెట్టేవి. కుడివైపు ఉన్నవి క్రియాజన్యాలు, చర్యలోంచి పుట్టేవి. బాణాన్ని "ఇస్తాయి" అని చదవాలి. ఈ మొత్తం వాక్యాన్ని రసాయన సమీకరణం అంటారు. సమం అంటే సమానం. మరి ఇది సమానంగా ఉందా? లెక్కపెట్టండి.

ఎడమవైపు: సీ 1, హెచ్ 4, ఓ 2.
కుడివైపు: సీ 1, హెచ్ 2, ఓ 3.

రెండు హైడ్రోజన్లు కనబడకుండా పోయాయి. ఒక ఆక్సిజన్ ఎక్కడి నుంచో ఊడిపడింది. లావోయిజర్ ఒప్పుకోడు. కాబట్టి దీన్ని తుల్యం చేయాలి, అంటే తక్కెడలో రెండు పళ్లాలూ సమంగా నిలబెట్టినట్టు రెండు వైపులా సమానం చేయాలి.

ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు. మా ఫ్రీమాంట్ తరగతిలో ఒక బాబు బోర్డు దగ్గరికి వచ్చి చటుక్కున హెచ్₂ఓని హెచ్₄ఓ చేసేశాడు. "హైడ్రోజన్ నాలుగు అయింది కదా ఆంటీ!" అన్నాడు. లెక్క సరిపోయింది, నిజమే. కానీ హెచ్₄ఓ అనే నీళ్లు ఈ లోకంలో లేవు. తెలుగులో ఒక మాట ఉంది, మసి పూసి మారేడుకాయ చేయడం అని. ఏదో ఒక కాయకు మసి రాసి, ఇదే మారేడుకాయ అని నమ్మించడం అన్నమాట. కింది అంకె మార్చడం అలాంటిదే.

తేడా గట్టిగా పట్టుకోండి. అక్షరం పక్కన కింద ఉన్న చిన్న అంకె ఆ వస్తువు ఏమిటో చెబుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. ముందు రాసే పెద్ద అంకె అలాంటివి ఎన్ని ఉన్నాయో చెబుతుంది. దాన్ని గుణకం అంటారు. దాన్ని మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. ఇడ్లీలు చాలకపోతే ఇంకో ప్లేటు ఇడ్లీలు తెస్తాం, ఇడ్లీని వడగా మార్చం కదా.

ఇప్పుడు చేద్దాం. కుడివైపు హైడ్రోజన్ రెండే ఉంది, నాలుగు కావాలి. నీళ్ల అణువులు రెండు తీసుకుందాం: 2హెచ్₂ఓ. హైడ్రోజన్ సరిపోయింది. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ ఎంత? సీఓ₂లో 2, రెండు నీళ్లలో 2, మొత్తం 4. ఎడమవైపు 2 మాత్రమే ఉంది. ఆక్సిజన్ జంటలు రెండు తీసుకుంటే సరి.

సీహెచ్₄ + 2ఓ₂ → సీఓ₂ + 2హెచ్₂ఓ

మళ్లీ లెక్కపెట్టండి. సీ 1, 1. హెచ్ 4, 4. ఓ 4, 4. ఇది తుల్య సమీకరణం. బరువుతో కూడా సరిచూడొచ్చు: 16 గ్రాముల మీథేన్ మండాలంటే 64 గ్రాముల ఆక్సిజన్ కావాలి, మొత్తం 80. వచ్చేది 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 36 గ్రాముల నీళ్లు, మొత్తం 80. గ్యాస్ కంటే ఎక్కువ బరువు నీళ్లే వచ్చాయి చూడండి! మిగతా బరువు గాలి ఇచ్చింది.

కింది చిన్న అంకె ఒక్కటి మారితే ఏమవుతుందని మీరు అడగొచ్చు. రెండు సంగతులు చెబుతాను. మొదటిది చిన్నది. హెచ్₂ఓ అంటే నీళ్లు. హెచ్₂ఓ₂ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, మందుల షాపులో గోధుమరంగు సీసాలో అమ్ముతారు. ఆ సీసాలో ఉండేది మామూలుగా నూటికి మూడు పాళ్లే, తక్కినదంతా నీళ్లు. అంత పలచగా ఉన్నా గాయానికి తగిలితే నురగలు కక్కుతుంది. ఒక్క ఆక్సిజన్ తేడా. దాహం వేసిందని అది తాగగలమా?

రెండోది పెద్దది. నేను ఈ పాఠం రాయడానికి అసలు కారణం అదే.

మీథేన్ అణువు ఒక్కోదానికి రెండు జంటల ఆక్సిజన్ కావాలని ఇప్పుడే లెక్క వేశాం. మరి గాలి చాలకపోతే? గది తలుపులు, కిటికీలు మూసేసి ఉన్నాయి, లేదా పొయ్యి రంధ్రాల్లో జిడ్డు పేరుకుంది, లేదా హీటరు పాడైంది. అప్పుడు మంట ఆగదు. దొరికిన ఆక్సిజన్‌తోనే సరిపెట్టుకుని మండుతుంది.

2సీహెచ్₄ + 3ఓ₂ → 2సీఓ + 4హెచ్₂ఓ

ఇది కూడా సరైన తుల్య సమీకరణమే, లెక్కపెట్టి చూసుకోండి. కానీ పుట్టింది సీఓ₂ కాదు, సీఓ. కింద 2 లేదు. దీని పేరు కార్బన్ మోనాక్సైడ్. మోనో అంటే ఒకటి. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. రక్తం తిరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం అందదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, నిద్ర ముంచుకురావడం. ఏదో జ్వరం వస్తోందని పొరబడతాం. మనిషి పడుకున్నచోటే ప్రాణం పోవచ్చు. సీఓ₂ని మనం రోజంతా వదులుతూనే ఉంటాం. సీఓ మనిషిని చంపగలదు. తేడా ఆ చిన్న 2.

కాలిఫోర్నియాలో గ్యాస్ లాంటి ఇంధనం మండే పరికరాలున్న ఇళ్లకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని చట్టం ఉంది. విడి ఇళ్లకు 2011 జూలై నుంచి, అపార్ట్‌మెంట్ల లాంటి తక్కిన ఇళ్లకు 2013 నుంచి. మీ ఇంట్లో అది ఎక్కడుందో చూసిరండి. నేను ఆగుతాను.

చూశారా? ఇప్పుడు మా ఇంటి సంగతి. మేం ఇండియా నుంచి వచ్చిన మొదటి వారంలోనే పప్పుకి ఎండుమిరపకాయల పోపు వేశాను. ఇల్లంతా అలారం మోత. మా ఇంట్లో అది పొగకీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ కలిపి ఒక్కటే పెట్టె. ఆయన టవలుతో విసిరి విసిరి, చివరికి స్టూలెక్కి బ్యాటరీ పీకేశారు. నెల రోజులు అది అలాగే వంటింటి డబ్బాల మధ్య పడి ఉంది. పోపు పొగకి మోగింది కాబట్టి అది పనికిమాలినది అనుకున్నాం. పొగ కనబడుతుంది, దగ్గొస్తుంది. అదే పెట్టెలో ఇంకో సగం మన కళ్లకీ ముక్కుకీ అందని దాని కోసం ఉందని మాకు తట్టలేదు. ఆ నెలంతా హీటరు వేసుకునే పడుకున్నాం. ఏమీ కాలేదు, అదృష్టం. సైన్సు బీఈడీ చేసిన నేనే ఈ పని చేశాను కాబట్టి, మీ ఇంట్లో ఎవరైనా పోపు రోజున బ్యాటరీ పీకితే వాళ్లని కోప్పడకండి. పొయ్యి పైన ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, బ్యాటరీ మళ్లీ పెట్టించండి.

చలికాలం వానలకి కరెంటు పోతే బార్బెక్యూ బొగ్గుల పొయ్యిని ఇంట్లోకి తెచ్చి కుంపటిలా చలి కాచుకోకూడదు. జనరేటరు ఇంట్లో కానీ గరాజులో కానీ పెట్టకూడదు. గరాజు తలుపు తెరిచి ఉన్నా సరే కారు ఇంజను ఆన్ చేసి వదిలేయకూడదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా, అలారం మోగినా, అందరూ బయటికి వెళ్లి అక్కడి నుంచి 911కి ఫోన్ చేయాలి. అమ్మమ్మా తాతయ్యా ఇక్కడికి వచ్చి ఉంటే ఆ మోత ఏమిటో వాళ్లకి ముందే తెలుగులో చెప్పి ఉంచండి. ఇంట్లో ఆ పని చేయగలిగేది ఎక్కువగా మీరే.

మంట రంగు కూడా కొంత చెబుతుంది. గాలి బాగా అందిన గ్యాస్ మంట నీలంగా, కుదురుగా ఉంటుంది. పసుపుపచ్చగా ఊగుతూ ఉంటే గాలి చాలడం లేదని అనుమానించాలి. అలాంటి మంటలో కార్బన్ కొంత అసలు మండకుండానే మిగిలిపోయి గిన్నె అడుగున నల్లగా పడుతుంది. అదే మసి. మారేడుకాయకు పూసిన మసి! కట్టెల పొయ్యి మీద వండిన రోజుల్లో ప్రతి గిన్నెకూ అది ఉండేది. ఊళ్లలో ఆడవాళ్లు ఆ పొగలోనే వండేవారు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. మీ అమ్మమ్మని అడగండి, వాళ్లింటికి గ్యాస్ ఏ సంవత్సరంలో వచ్చిందో గుర్తుండే ఉంటుంది.

అమ్మమ్మ ఇంట్లో పైపు ఉండదు, ఎర్ర సిలిండరు ఉంటుంది. అందులో 14.2 కిలోల గ్యాస్. అది మీథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్ కలిపినది. బ్యూటేన్ సీ₄హెచ్₁₀. దాన్ని తుల్యం చేయడం కొంచెం తమాషాగా ఉంటుంది.

సీ₄హెచ్₁₀ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

కార్బన్ నాలుగు, కాబట్టి 4సీఓ₂. హైడ్రోజన్ పది, కాబట్టి 5హెచ్₂ఓ. ఆక్సిజన్‌ని ఎప్పుడూ చివరికి ఉంచుకోండి, అది ఒంటరిగా ఉంటుంది కాబట్టి సరిచేయడం తేలిక. కుడివైపు ఆక్సిజన్ 8, 5 కలిపి 13. ఎడమవైపు జంటలే ఉన్నాయి. 13ని జంటలుగా విడదీస్తే ఆరున్నర. అరజంట ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. అప్పుడు అన్నిటినీ రెట్టింపు చేయండి:

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

ఈ సమీకరణం ప్రకారం సిలిండరులోని 14.2 కిలోలు పూర్తిగా మండితే సుమారు 43 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. సిలిండరులో ఉన్నదానికి మూడింతలు! ఎలాగో మీకిప్పుడు తెలుసు. ఆక్సిజన్ సిలిండరులోంచి రాలేదు, వంటింటి గాలిలోంచి వచ్చింది. అందుకే వంటింటికి కిటికీ ఉండాలి.

అభ్యాసం

1. కింది క్రియల్లో ఏవి భౌతిక మార్పు, ఏవి రసాయన చర్య? ఒక్కోదానితో సొంత వాక్యం రాయండి: కరగడం, పులవడం, తోడుకోవడం, ఆవిరవడం, తుప్పు పట్టడం, మాడడం.

2. తుల్యం చేయండి. ఇది సిలిండరులోని ప్రొపేన్:
సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

3. గోధుమరంగు సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగలు ఎందుకు కక్కుతుందో ఈ సమీకరణం చెబుతుంది. తుల్యం చేసి, నురగలో ఏ వాయువు ఉందో రాయండి:
హెచ్₂ఓ₂ → హెచ్₂ఓ + ఓ₂

4. ఇది సున్నం. పాతకాలంలో గోడలకు సున్నం వేసేవారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది. సీఏ అంటే కాల్షియం. బ్రాకెట్ బయట ఉన్న 2, లోపలివాటన్నిటికీ వర్తిస్తుంది. ముందు లెక్కపెట్టండి, తర్వాతే పెన్సిల్ పట్టుకోండి:
సీఏ(ఓహెచ్)₂ + సీఓ₂ → సీఏసీఓ₃ + హెచ్₂ఓ

5. కష్టమైనది. హారతి కర్పూరం సీ₁₀హెచ్₁₆ఓ. అందులోనే ఒక ఆక్సిజన్ ఉంది, మర్చిపోకండి:
సీ₁₀హెచ్₁₆ఓ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

6. ఇంట్లోని అలారం మీద బొత్తాం నొక్కి పరీక్షించమని పెద్దవాళ్లని అడగండి. మోగిందా? దాని మీద రాసి ఉన్న తేదీ ఏమిటి? అది ఏ వాయువు కోసమో అమ్మమ్మకి గానీ నానమ్మకి గానీ ఫోన్‌లో తెలుగులో చెప్పి, ఆవిడ మిమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇక్కడ రాయండి.

జవాబులు (చేశాకే చూడండి): రెండోదానికి గుణకాలు వరసగా 1, 5, 3, 4. మూడోదానికి 2, 2, 1, నురగలో ఉన్నది ఆక్సిజన్. నాలుగోది ముందే తుల్యంగా ఉంది, ఏ అంకే పెట్టక్కర్లేదు. ఐదోదానికి 2, 27, 20, 16. మీకు ఆక్సిజన్ దగ్గర పదమూడున్నర వచ్చి ఉంటే సరైన దారిలోనే ఉన్నారు, రెట్టింపు చేయడం ఒక్కటే మిగిలింది.